మెట్లు, లీటర్లు, వాట్లు: ఫ్లోరెన్స్ పాత ఊళ్లో ఒక తెలుగు కుటుంబం బస

బస వెతికిపెట్టమని మా దగ్గరికి వచ్చిన కేసు ఇది. గుంటూరు నుంచి వచ్చిన తల్లిదండ్రులు, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు, కోడలు. అక్టోబరు చివరి వారంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఐదు రాత్రులు ఉండాలి. మంగళవారం దిగి ఆదివారం బయల్దేరతారు. పెద్దాయనకు మోకాళ్ల నొప్పి. ఒక అంతస్తు నెమ్మదిగా ఎక్కగలరు, రెండో అంతస్తయితే మధ్యలో కూర్చోవాలి. అమ్మగారు పూర్తి శాకాహారి, రాత్రికి అన్నం, మజ్జిగ ఉండాలి. ప్రయాణం సొంత కారులో. అడిగింది ఒక్కటే: పాత ఊరికి నడిచి వెళ్లగలిగే దూరంలో, వంట చేసుకునే వీలున్న చిన్న స్టూడియో హోటల్.

స్టూడియో అంటే పడక, కూర్చునే చోటు, చిన్న వంటగట్టు అన్నీ ఒకే గదిలో ఉండేది. ఐరోపా పాత నగరాల్లో ఇలాంటివి ఎక్కువగా వందల ఏళ్లనాటి ఇళ్లను ముక్కలు చేసి కట్టినవే. ఫొటోల్లో దూలాల పైకప్పు, ఎత్తైన కిటికీ, తెల్లటి దుప్పటి అన్నిటిలోనూ ఒకేలా కనిపిస్తాయి. బస బాగుంటుందా లేదా తేల్చేవి ఫొటోలో కనపడని మూడు లెక్కలు. ఎన్ని మెట్లు ఎక్కాలి, గీజర్ ఎన్ని లీటర్లది, గది కరెంటు ఎన్ని వాట్లు మోస్తుంది. ఈ కేసులో ప్రతి నిర్ణయం ఆ మూడింటి చుట్టూనే తిరిగింది.

పేట ఎంపిక

ఫ్లోరెన్స్ చారిత్రక కేంద్రం 1982 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దాని చుట్టూ వలయంలా వెడల్పాటి రోడ్లు ఉంటాయి. 1865 నుంచి 1871 వరకు ఈ ఊరు ఇటలీకి రాజధానిగా ఉన్న కాలంలో జుసెప్పే పోజ్జి అనే వాస్తుశిల్పి పాత కోటగోడ కొట్టించి వేయించిన రోడ్లవి. ఉత్తరాన లిబెర్తా కూడలిలో ఆ గోడ తాలూకు శాన్ గాల్లో ద్వారం ఇప్పటికీ నిలబడి ఉంది. మాకు కావలసింది ఈ వలయం లోపల, దువోమో అనే పెద్ద చర్చికి మరీ అంటుకోకుండా ఉండే చోటు. చర్చి చుట్టుపక్కల వీధుల్లో రాత్రి పొద్దుపోయే దాకా జనం, పొద్దున్నే గంటలు, అద్దెలు ఎక్కువ. తూర్పున శాంబ్రోజో, నదికి అవతల శాంతో స్పీరితో పేటలు అందంగానే ఉంటాయి. కానీ వారాంతాల్లో అర్ధరాత్రి దాకా బార్ల సందడి. నిద్ర పలచగా ఉండే పెద్దవాళ్లకు అవి పనికిరావు.

అందుకే శాన్ మార్కో కూడలి పరిసరాలు తీసుకున్నాం. దువోమోకి నడక పది నిమిషాల లోపే, మైకెలాంజెలో దావీదు విగ్రహం ఉన్న అకాదేమియా మ్యూజియం ఇంకా దగ్గర. విశ్వవిద్యాలయం కార్యాలయాలు, మామూలు కొట్లు ఉన్న పేట కాబట్టి రాత్రి తొందరగా సద్దుమణుగుతుంది. 2025 జనవరి నుంచి విమానాశ్రయం ట్రామ్, అంటే టీ2 లైను, నేరుగా శాన్ మార్కో దాకా వస్తోంది. విమానంలో దిగేవాళ్లకు ఇంతకన్నా తేలికైన పేట ఈ ఊళ్లో లేదు.

మూడు గదుల పోలిక

మొదటిది 42 చదరపు మీటర్ల పెద్ద స్టూడియో. "నలుగురికి" అని రాసి ఉంది. ప్లాన్ అడిగి తెప్పిస్తే సంగతి బయటపడింది. ఇద్దరికి మంచం కింద, ఇంకో ఇద్దరికి అటక మీద. ఎత్తైన పైకప్పు ఉన్న పాత ఇళ్లలో మధ్యలో చెక్క అటక వేసి దాని మీద పరుపు పరుస్తారు. ఇటాలియన్‌లో దాన్ని సొప్పాల్కో అంటారు. ప్రకటనలో ఈ మాట కనపడితే ఆగి చదవాలి. ఎక్కడానికి నిటారు నిచ్చెన, పైన తల ఎత్తి నిలబడే చోటు ఉండదు, రాత్రి బాత్రూమ్‌కి దిగాలంటే చీకట్లో నిచ్చెన. కొడుకు, కోడలు పైన పడుకున్నా, అత్తమామలు కింద అదే గదిలో. ఐదు రాత్రులు ఇద్దరికీ ఇబ్బందే. ఒక్క బాత్రూమ్, ఒక్క 50 లీటర్ల గీజర్.

రెండోది మంచి గది, మంచి ధర. కానీ "రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు". పలాజోలనే పాత పెద్ద భవంతుల్లో కింది అంతస్తు చాలా ఎత్తు, పైగా మధ్యలో ఒక అరంతస్తు ఉండి దాన్ని లెక్కలో వేయరు. రెండో అంతస్తని రాసిన చోట మెట్లు మన అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తుకు సరిపోతాయి. అందుకే అంతస్తు సంఖ్య అడగకూడదు. వీధి గుమ్మం నుంచి గది గుమ్మం దాకా మెట్లు ఎన్నో లెక్కపెట్టి చెప్పమనాలి. ఇక్కడ జవాబు 71. పక్కన పెట్టేశాం.

మూడోది తీసుకున్నది. మొదటి అంతస్తులో పక్కపక్కనే రెండు చిన్న స్టూడియోలు, ఒకటి 28 చదరపు మీటర్లు, రెండోది 22. వీధి గుమ్మం నుంచి 26 మెట్లు, రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీ. లిఫ్ట్ ఉంది గానీ ఇద్దరు మనుషులకే. పెద్ద సూట్‌కేస్ పెడితే ఒక్కరే పడతారు. రెండు గదుల అద్దె కలిపితే పెద్ద స్టూడియో కంటే నాలుగో వంతు ఎక్కువైంది. శుభ్రం చేసే రుసుం రెండుసార్లు పడింది. అయినా ఇదే సరైన ఎంపిక, ఎందుకంటే ఆ అదనపు డబ్బుతో వచ్చింది ఇంకో తలుపు మాత్రమే కాదు. రెండో బాత్రూమ్, రెండో గీజర్, రెండో కరెంటు లైను కూడా వచ్చాయి. నలుగురు పెద్దవాళ్లకు ఒక పెద్ద స్టూడియో కన్నా రెండు చిన్నవి ఎప్పుడూ మేలని మా అభిప్రాయం.

పడక కొలతలు కూడా అడగాలి. జంట మంచం మామూలుగా 160 సెంటీమీటర్ల వెడల్పు. "ఫ్రెంచ్ పడక" అని ఉంటే 140 మాత్రమే. సోఫా కమ్ బెడ్ అయితే దాన్ని విప్పాక నడవడానికి ఎంత చోటు మిగులుతుందో అడగాలి. 22 చదరపు మీటర్ల గదిలో అది విప్పితే ఫ్రిజ్ తలుపు తెరుచుకోని సందర్భాలుంటాయి.

డబ్బు కట్టే ముందు

ఇటలీలో 2025 జనవరి 1 నుంచి ప్రతి పర్యాటక బసకూ జాతీయ గుర్తింపు సంఖ్య తప్పనిసరి. దాన్ని చిన్ [సీ ఐ ఎన్] అంటారు. ప్రకటనలోనూ, భవనం గుమ్మం బయటా అది కనపడాలి. అది లేని గదికి డబ్బు కట్టవద్దు. ఫొటోలు దొంగిలించి పెట్టే నకిలీ ప్రకటనలను మొదటి దశలోనే వదిలించుకోవడానికి ఇది పనికొస్తుంది. అదే చట్టం ప్రకారం అద్దెకిచ్చే గదుల్లో మంటలార్పే సిలిండర్ ఉండాలి. గ్యాస్ వాడే చోట గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టే పరికరాలు ఉండాలి. మా రెండు గదుల్లో పొయ్యి, గీజర్ అన్నీ కరెంటువే.

రెండోది బస పన్ను. ఆన్‌లైన్ ధరలో ఇది చాలాసార్లు కలవదు, అక్కడ దిగాక విడిగా కట్టాలి. ఫ్లోరెన్స్‌లో బస తరగతిని బట్టి మనిషికి రాత్రికి 3.50 నుంచి 8 యూరోల దాకా ఉంటుంది. వరసగా ఏడు రాత్రుల వరకే వసూలు చేస్తారు, 12 ఏళ్లలోపు పిల్లలకు లేదు. మనిషికి 6 యూరోల తరగతి అయితే నలుగురికి ఐదు రాత్రులకు 120 యూరోలు. ముందే చెప్పకపోతే దిగగానే గొడవ మొదలయ్యేది దీని దగ్గరే.

పాస్‌పోర్టులు నలుగురివీ ఇవ్వాలి. అతిథుల వివరాలు 24 గంటల్లోగా పోలీసులకు ఆన్‌లైన్‌లో పంపడం అక్కడ యజమాని బాధ్యత. "మా నాన్నగారిది ఎందుకు" అని బిగుసుకోవాల్సిన పనిలేదు. పెద్దవాళ్ల వీసా జర్మనీ ఇచ్చింది, ఎందుకంటే ఎక్కువ రోజులు ఉండేది అక్కడే. షెంగెన్ వీసా నియమం అదే.

తాళాల సంగతి ఒకటి. గోడకు బిగించిన అంకెల పెట్టెలోంచి తాళం తీసుకునే పద్ధతిని ఫ్లోరెన్స్ నగరపాలక సంస్థ 2025 ఫిబ్రవరి నుంచి యునెస్కో పరిధిలో నిషేధించింది. "గుమ్మం పక్కన పెట్టెలో తాళం ఉంటుంది" అని యజమాని రాస్తే, తాళం ఎవరు ఇస్తారు, ఎన్ని గంటల దాకా ఉంటారు, ఆలస్యమైతే అదనంగా ఎంత అని రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మ్యూనిక్ నుంచి కారు ప్రయాణంలో బ్రెన్నర్ కనుమ దగ్గర ఒక్క ట్రాఫిక్ జామ్ పడితే రెండు గంటలు ఎగిరిపోతాయి. అందుకే రాత్రి పది దాకా మనిషి ఉంటాడన్న మాట ముందే తీసుకున్నాం.

కారు, కెమెరాలు

పాత ఊరు దాదాపు అంతా పరిమిత వాహన జోన్. అక్కడ జెడ్‌టీఎల్ అంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7.30 నుంచి రాత్రి 8 వరకు, శనివారం సాయంత్రం 4 వరకు అనుమతి లేని కారు లోపలికి వెళ్లకూడదు. వేసవిలో గురు, శుక్ర, శనివారాలు రాత్రి 11 నుంచి 3 దాకా కూడా. గేటు ఉండదు, మనిషి ఉండడు. కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీస్తుంది. విదేశాల్లో ఉండేవాళ్లకు జరిమానా నోటీసు 360 రోజుల్లోగా పంపవచ్చని చట్టం. అందుకే చాలామందికి అది నెలల తర్వాత ఇంటికి వస్తుంది. అద్దె కారైతే ప్రతి నోటీసుకూ అద్దె కంపెనీ తన రుసుం కలుపుతుంది. నావిగేషన్ యాప్‌ని నమ్ముకోవద్దు. "వార్కో అత్తీవో" అని ఎర్ర అక్షరాల బోర్డు వెలుగుతుంటే జోన్ పనిచేస్తోందని అర్థం.

జోన్ లోపలి హోటల్ తన అతిథి కారు నంబరు నమోదు చేయించగలదు. మేం నాలుగు రోజుల ముందే నంబరు, దిగే తేదీ, రమారమి సమయం పంపి, నమోదు చేసినట్టు జవాబు తెప్పించుకున్నాం. కారు గుమ్మం ముందు ఆపి పెద్దవాళ్లనూ సామానునూ దింపి, కొడుకు కారును లిబెర్తా కూడలి పక్కనున్న పార్తెర్రె గరాజులో పెట్టి వచ్చాడు. అది జోన్ బయట ఉంది, అక్కణ్ణుంచి గదికి నడక పది పన్నెండు నిమిషాలు. పాత వీధుల్లో పరిచినవి పెద్ద రాతి పలకలు. సందుల్లో సూట్‌కేస్ చక్రం ఇరుక్కుంటుంది, చిన్న చక్రాలవి ఊడి వస్తాయి. గరాజు నుంచి సామానుతో నడుస్తామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవాలి.

కారు ఊళ్లోకి తేవడమే ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఏ1 మోటార్‌వే నుంచే నేరుగా లోపలికి వెళ్లే విల్లా కోస్తాంజా పార్కింగ్. అక్కడ కారు పెట్టి టీ1 ట్రామ్ ఎక్కితే రైల్వే స్టేషన్ దగ్గర దిగవచ్చు. ఇద్దరే, చిన్న సంచులతో వస్తే మేం ఇదే చెప్తాం.

మొదటి సాయంత్రం కరెంటు పోయింది

ఇటలీ ఇళ్లలో మామూలు కనెక్షన్ 3 కిలోవాట్లు. మీటరు దాని మీద పదిశాతం వెసులుబాటు ఇస్తుంది, అంటే 3.3. మన ఊళ్లో ఏసీ, గీజర్, మిక్సీ ఒకేసారి వేసే అలవాటున్న వాళ్లకు ఈ పరిమితి తెలియదు. స్టూడియోగా మార్చిన పాత ఇళ్లలో ఒక్కో గదికీ ఇంతే ఉండటం మామూలు. మా రెండు గదులూ అలాంటివే.

ఆ సాయంత్రం పెద్ద గదిలో జరిగింది ఇది. ఇండక్షన్ పొయ్యి మీద పప్పు, 1,800 వాట్లు. దారిలో తడిసిన బట్టలు వాషింగ్ మెషీన్లో వేశారు. నీళ్లు వేడిచేసే దశలో అది 1,900 దాకా తీసుకుంటుంది. మూలన గీజర్ తన పాటికి తాను వెలుగుతోంది, 1,200. మొత్తం 4,900 వాట్లు. రెండు నిమిషాల్లో చీకటి.

ఇలాంటప్పుడు చూడాల్సిన వరస: ముందు గది గుమ్మం పక్కనున్న చిన్న డబ్బా తెరవాలి. అందులో ఏ మీటైనా కిందికి పడి ఉంటే, సామాను ఒకటి రెండు ఆపి, మీట పైకి ఎత్తాలి. 'టి' అనే అక్షరంతో చిన్న మీట ఉన్న బ్రేకర్ పడిందంటే అది ఎక్కువ వాడకం వల్ల కాదు, ఎక్కడో కరెంటు లీకవుతోంది. తడి ప్లగ్గో, నీళ్లు చిమ్మిన కెటిలో తీసేసి చూడాలి. మళ్లీ మళ్లీ పడుతుంటే బలవంతంగా ఎత్తకుండా యజమానికి చెప్పాలి. డబ్బాలో అన్ని మీటలూ పైనే ఉండి గదిలో మాత్రం కరెంటు లేకపోతే, కింద మీటరు దగ్గర పడిందని అర్థం. మీటర్లు సాధారణంగా వీధి గుమ్మం లోపల తాళం వేసిన అల్మారాలో ఉంటాయి. ఆ తాళం ఎక్కడుందో దిగిన రోజే అడగాలి. ఇక్కడ పడింది మీటరే. తాళం చెవి గది తాళాల గుత్తిలోనే ఉంది, ముందే చూపించి ఉన్నారు కాబట్టి పది నిమిషాల్లో వెలుతురు వచ్చింది.

తర్వాత వాడకం ఇలా కుదిరింది. అన్నం ఎలక్ట్రిక్ కుక్కర్‌లో, పక్క గదిలో. అది 500 వాట్లే. పప్పు, కూర పెద్ద గదిలో ఇండక్షన్ మీద. వాషింగ్ మెషీన్ రాత్రి స్నానాలు, వంట అన్నీ అయ్యాక, 30 డిగ్రీల మీద పెట్టి. హెయిర్ డ్రయ్యర్, కెటిల్ ఒకే గదిలో ఒకేసారి వద్దు, రెండూ 2,000కి దగ్గరివి. ఆ తర్వాత కరెంటు మళ్లీ పోలేదు.

ప్లగ్గుల విషయం. వోల్టేజీ 230, 50 హెర్ట్జ్. మనదీ అదే, కాబట్టి మన కుక్కర్, మన చార్జర్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పనిచేస్తాయి. కానీ ఇటలీ సాకెట్‌లో మూడు రంధ్రాలు ఒకే వరసలో ఉంటాయి. మన మూడు పుల్లల ప్లగ్ అందులోకి పోదు. జర్మనీ గుండ్రటి ప్లగ్ కూడా ప్రతి సాకెట్‌లోనూ పట్టదు. కుక్కర్‌కి రేటింగ్ 10 ఆంపియర్లకు తగ్గని అడాప్టర్ కావాలి. ఫోన్ చార్జర్ల కోసం అమ్మే పలచటి అడాప్టర్‌లో కుక్కర్ పెడితే అది వేడెక్కి కరుగుతుంది.

వేడినీళ్లు, లీటర్ల లెక్క

గదికొకటి చొప్పున 30 లీటర్ల గీజర్. అక్టోబరు చివర కుళాయి నీళ్లు రమారమి 15 డిగ్రీలు, ట్యాంకులో నీళ్లు 60. కలిపి 40 డిగ్రీలకు తెచ్చుకుంటే కాగితం మీద 54 లీటర్లు వస్తాయి. వాడుతున్నకొద్దీ ట్యాంకులోకి చన్నీళ్లు చేరతాయి కాబట్టి నికరంగా 42, 43 లీటర్లు అనుకోవాలి. షవర్ నిమిషానికి 8 లీటర్లు పోస్తుంది. అంటే ఇద్దరికీ కలిపి ఐదు నిమిషాలు. ఆ తర్వాత ట్యాంకు పూర్తిగా వేడెక్కడానికి 1,200 వాట్ల గీజర్‌కి గంటా పావు, ఇంకాస్త పైన.

ఇది తెలియక తలస్నానం మొదలుపెట్టిన కోడలికి మధ్యలో చన్నీళ్లు వచ్చాయి. గీజర్ పాడైందని యజమానికి ఫోన్ చేశారు. పాడవలేదు, అయిపోయాయి.

పరిష్కారం మన ఇంట్లోదే. బకెట్ స్నానం. 17 లీటర్ల బకెట్ ఇద్దరికి రెండు, 34 లీటర్లు. ఒక ట్యాంకులో తేలిగ్గా సరిపోతుంది. అక్కడి గదుల్లో బకెట్ ఉండదు, యజమానిని అడిగితే నేల తుడిచేది ఇస్తారు. ఇంటిసామాను కొట్లో కొత్త బకెట్, మగ్గు, చిన్న ప్లాస్టిక్ స్టూలు కొనిపించాం. పెద్దాయనకు స్టూలు మీద కూర్చుని పోసుకోవడం మోకాళ్లకు కూడా సుఖం. తలస్నానం రాత్రికి, మిగిలిన స్నానాలు పొద్దున అని కోడలే విభజించింది. "మావయ్యా, మీరు ఏడింటికల్లా కానిచ్చేస్తే ఎనిమిదిన్నరకు ఆయనకి వేడినీళ్లు వస్తాయి" అని రెండో గది గీజర్‌తో కూడా సమన్వయం చేసుకున్నారు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాం. బకెట్ షవర్ పళ్లెంలోనే ఉండాలి. ఆ పళ్లెం 70 నుంచి 80 సెంటీమీటర్లు, బయటి నేలలో నీళ్లు పోయే తూము లేదు. పాత ఇళ్ల అంతస్తులు చెక్క దూలాల మీద నిలబడినవి. మన అలవాటు ప్రకారం బాత్రూమ్ అంతా కడిగితే నీళ్లు కింది ఇంటి పైకప్పులోంచి దిగుతాయి, మరమ్మతు ఖర్చు డిపాజిట్‌లోంచి పోతుంది. కడుక్కోవడానికి కమోడ్ పక్కనే బిడే అనే కుళాయి ఉన్న పొట్టి తొట్టి ఉంటుంది. ఇటలీలో 1975 నాటి ఆరోగ్య ఉత్తర్వు ప్రకారం ఇంట్లో కనీసం ఒక బాత్రూమ్‌లో అది తప్పనిసరి. పెద్దవాళ్లకు ఐరోపాలో ఇంత ఊరట ఇచ్చే ఏర్పాటు ఇంకోటి లేదు. షవర్ దగ్గర వేలాడే తాడు ఆపదలో లాగేది. దానికి బట్టలు ఆరేయకూడదు.

వంట

ఇండక్షన్ మీద అల్యూమినియం కుక్కర్, ఇత్తడి గిన్నె పనిచేయవు. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నే కావాలి. గదిలో రెండు గిన్నెలు, ఒక పెనం ఉన్నాయని జాబితా పంపారు. మ్యూనిక్ నుంచి మూడు లీటర్ల ఇండక్షన్ కుక్కర్, తాలింపు గరిట బదులు చదునైన చిన్న పెనం, పోపుల డబ్బా తెచ్చుకున్నారు.

ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లకు ఒక నియమం తెలియాలి. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేకూడదు. నెయ్యి, కోవా స్వీట్లు పాల కిందికే వస్తాయి. పచ్చి కరివేపాకు, కూరగాయలు మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా తేకూడదు. ఆవకాయ, కారప్పొడులు, చింతపండు, అప్పడాలతో ఇబ్బంది లేదు. నెయ్యి అక్కడే చేసుకోవచ్చు. ఉప్పు లేని వెన్న 250 గ్రాములు సన్నని వేడి మీద కాస్తే 200 గ్రాముల దాకా నెయ్యి వస్తుంది. ఐదు రోజులకు నలుగురికి చాలు.

సూపర్ మార్కెట్‌లో బియ్యం కొనేటప్పుడు ఆర్బోరియో, కార్నరోలి తీయకూడదు. అవి రిజోత్తో అనే ఇటలీ వంటకం కోసం, ముద్దయిపోతాయి. పక్కనే బాస్మతి, పార్‌బాయిల్డ్ ఉంటాయి. కందిపప్పు దొరకదు, పొట్టు తీసిన ఎర్ర మసూరు పప్పు ఎక్కడైనా దొరుకుతుంది. నానబెట్టకుండా పదిహేను నిమిషాల్లో ఉడుకుతుంది కాబట్టి స్టూడియో వంటకు కందిపప్పు కన్నా అదే నయం. కందిపప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర కావాలంటే స్టేషన్‌కీ శాన్ లొరెంజో మార్కెట్‌కీ మధ్య సందుల్లో దక్షిణాసియా వాళ్ల కొట్లున్నాయి. పెరుగుకి తెల్లటి, తీపి కలపని, వెన్న తీయని యోగర్ట్ తీసుకోవాలి. పెట్టె మీద "బియాంకో", "ఇంతేరో" అని ఉంటుంది. "జుక్కెరాతో" అని ఉంటే చక్కెర కలిపినది, అందులో అన్నం కలుపుకోలేం.

కూరగాయలకు శాన్ లొరెంజో మార్కెట్ దగ్గర. జుసెప్పే మెంగోని గీసిన ఇనుము, అద్దాల భవనం, 1874లో తెరిచారు. కింది అంతస్తులో కూరగాయలు, పళ్లు మధ్యాహ్నం దాకానే. పై అంతస్తు తినుబండారాల శాల, అది రాత్రి దాకా. సాయంత్రం వెళ్లి కూరగాయల్లేవని తిరిగొచ్చేవాళ్లు చాలామంది. అమ్మేవాళ్లే ఏరి ఇస్తారు, మనం చేత్తో నొక్కి చూస్తే కోప్పడతారు. సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ గ్లవ్ తొడుక్కుని ఏరుకుని, తూకం యంత్రం మీద పెట్టి స్టిక్కర్ అంటించుకోవాలి. అది మరిచిపోతే బిల్లు దగ్గర వెనక్కి పంపిస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ చెడేది తాలింపు దగ్గర. పొయ్యి మీదున్న పొగగొట్టం గాలిని బయటికి పంపదు. బొగ్గు వడపోతలోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుంది. పాత భవనం గోడకు కన్నం పెట్టనివ్వరు, అందుకని. ఎండుమిర్చి మాడితే ఘాటు పరుపులకు, పరదాలకు పడుతుంది, పొగ గంట మోగుతుంది. చేయాల్సింది: కిటికీ పూర్తిగా తెరిచి, పొగగొట్టం ఎక్కువ వేగంలో పెట్టి, ఇండక్షన్ సగం అంకె మీదే ఉంచి, నూనె పొగ రాకముందే ఆవాలు వేసి మూత పెట్టాలి. ఎండుమిర్చి ఆవాల తర్వాత, పొయ్యి కట్టేశాక, ఆ వేడికే వేగనివ్వాలి. గంట మోగుతుందని దానికి కవరు కట్టడం ప్రమాదం. అమ్మగారు రెండో రోజు నుంచి నాలుగు పూటల తాలింపు ఒకేసారి వేసి సీసాలో పెట్టుకున్నారు.

బయట తినే పూటల్లో శాకాహారికి రిబొల్లీత అనే కూరగాయలు, రొట్టె కలిపిన చిక్కటి సూప్, టమాటా-రొట్టె పప్పా, తెల్లచిక్కుళ్లు ఉంటాయి. రసం మాంసంతో చేసిందా అని అడగాలి. పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడతారు. ఇది నిష్ఠగా ఉండేవాళ్లకు ముందే చెప్పడం మా పద్ధతి.

చలి, చప్పుడు

ఫ్లోరెన్స్ ఇటలీ వాతావరణ మండలాల్లో 'డి'లో ఉంది. నిబంధన ప్రకారం భవనాల హీటింగ్ నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోజుకు 12 గంటలకు మించకుండా. అక్టోబరు చివరి వారం అంటే సరిగ్గా దానికి ముందు. రేడియేటర్లు చల్లగా ఉంటాయి, రాతి గోడలు రాత్రి చలిని పట్టి ఉంచుతాయి. యజమానిని తిట్టి లాభం లేదు. మేం ముందే రెండు అదనపు దుప్పట్లు, వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ ఉందా అని అడిగి తీసుకున్నాం. ఆ ఏసీ కూడా 900 వాట్లు, పైన చెప్పిన కరెంటు లెక్కలోకి వస్తుంది. వారసత్వ భవనాల ముందువైపు బయటి యూనిట్ పెట్టనివ్వరు కాబట్టి మోటారు గది లోపలే ఉండే రకం బిగిస్తారు. చప్పుడు ఎక్కువ. పడుకునే ముందు గంట వేసి ఆపేయడం మంచిది.

పెద్దవాళ్ల గది లోపలి పెరటి వైపు ఇప్పించాం. వెలుతురు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. వీధి వైపు గదికి తెల్లవారుజామున గాజుసీసాల చెత్త లారీ చప్పుడు తప్పదు. యువ జంటకు అది పెద్ద ఇబ్బంది కాలేదు.

తిరగడానికి ఇచ్చిన సూచనలు కొన్నే. దువోమో గుమ్మటానికి 463 మెట్లు, పక్క గంటస్తంభానికి 414, రెండిటికీ లిఫ్ట్ లేదు. పెద్దాయన కింద చర్చిలో కూర్చోగా పిల్లలిద్దరూ ఎక్కారు. ఉఫీజీ మ్యూజియంలో లిఫ్ట్ ఉంది. అది, అకాదేమియా సోమవారం మూసి ఉంటాయి. మంగళవారం దిగేలా తేదీలు పెట్టింది అందుకే. గదికి దగ్గర ఉండటం వల్ల మధ్యాహ్నం భోజనానికి, రెండు గంటల నిద్రకు వెనక్కి రావడం కుదిరింది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి ఐదు రోజులూ తిరగగలిగింది ఆ విరామం వల్లే.

ఖాళీ చేసే రోజు

గది పదింటికి ఇవ్వాలి. చెత్త కాగితం, గాజు, ప్లాస్టిక్-లోహం, తడి చెత్తగా విడదీసి వీధిలోని డబ్బాల్లో వేయాలి. కలిపి వదిలేస్తే శుభ్రం చేసే రుసుం పెంచుతారు. ఫ్రిజ్‌లో ఏమీ వదలకూడదు, ముఖ్యంగా మూత సరిగా లేని ఆవకాయ. సింకులో నూనె పోయకూడదు, సీసాలో పట్టి తీసుకెళ్లాలి. కొన్న బకెట్, స్టూలు యజమానికి ఇచ్చేస్తే సంతోషంగా ఉంచుకున్నారు.

కారు గుమ్మం దాకా తేవాలంటే వెళ్లే రోజుకీ నంబరు మళ్లీ నమోదు కావాలి. దిగిన రోజు నమోదు ఆ రోజుకే. ఆదివారం బయల్దేరేలా పెట్టింది ఈ గొడవ లేకుండా ఉండటానికే. ఆ రోజు పగలు జోన్ పనిచేయదు. పైగా అది అక్టోబరు ఆఖరి ఆదివారం. ఇటలీలో ఆ తెల్లవారుజామున మూడు గంటలకు గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. ఫోన్లు తమంతట తామే మారతాయి, గదిలోని గోడగడియారం, పెద్దాయన చేతిగడియారం మారవు. ముందురోజు రాత్రే వాటిని తిప్పుకోమని చెప్పాం. ఆ అదనపు గంటలో ఇద్దరి గీజర్లూ మళ్లీ నిండుగా వేడెక్కాయి, నలుగురూ స్నానాలు చేసి, పులిహోర డబ్బాలో సర్దుకుని తొమ్మిదిన్నరకు తాళాలు ఇచ్చేశారు.